కార్డ్ బ్లడ్ (బొడ్డుతాడు రక్తం) రిపోర్టుని బిడ్డ రిపోర్టు అనుకోకండి సార్

విజయవాడ, గుంటూరుల్లో కాన్పులు చేసే డాక్టర్లకి, పిల్లల డాక్టర్లకి, లేబర్ రూమ్ సిస్టర్లకి, చివర్లో మీతో కూడా పని ఉంది కాబట్టి రెండు జిల్లాల వైద్యారోగ్య శాఖ ఆఫీసర్లకి కూడా నమస్కారం.

నేను విజయవాడ సూర్యారావుపేటలో ఒక ల్యాబ్‌లో టెక్నీషియన్ని. పేరు రాయట్లేదు, ఉద్యోగం కావాలి కదండీ. మీలో చాలామంది పంపే ట్యూబులు నా బెంచి మీదకే వస్తాయి, స్లిప్పు మీద చేతిరాత చూసి ఎవరు పంపారో చెప్పేస్తా, కాబట్టి తెలియని వాళ్ళకి రాస్తున్నట్టు కాదు, రోజూ ఫోన్లో మాట్లాడుకునే వాళ్ళకే రాస్తున్నా. ఫోన్లో చెప్తే "సరే బాబూ చూద్దాంలే" అని పెట్టేస్తారు, అవతల ఓపీ నిండా జనం ఉంటారు, మిమ్మల్ని అనడానికి కూడా లేదు. అందుకే ఇట్టా.

సంగతేంటంటే, వానలు మొదలయ్యి జులై దాటిందంటే నవంబర్ దాకా జ్వరంతోనే కాన్పుకొచ్చే వాళ్ళు తగులుతూనే ఉంటారు. వాళ్ళకి బిడ్డ పుట్టగానే బొడ్డుతాడు కోసి అందులోంచి రక్తం ఒక ట్యూబులో పట్టి మాకు పంపుతున్నారు, స్లిప్పు మీద "కార్డ్ బ్లడ్: గ్రూపింగ్, టీఎస్‌హెచ్, డెంగ్యూ ప్రొఫైల్" అని ఒకే లైన్లో ఉంటది, కొందరైతే చికెన్ గున్యా కూడా కలిపేస్తారు. మొదటి రెండిటితో నాకు పేచీ లేదు. ఆ తర్వాత రాసేదాని గురించే ఈ ఉత్తరం.

కార్డ్ బ్లడ్ పనికిరాదని ఎవరూ అనట్లా. తల్లి నెగటివ్ గ్రూపు అయితే బిడ్డ గ్రూపు, కూంబ్స్ టెస్టు (తల్లి యాంటీబాడీలు బిడ్డ ఎర్ర కణాలకి అంటుకున్నాయేమో చూసేది) దాంతోనే చేస్తాం, థైరాయిడ్ సంగతి తెలియడానికి టీఎస్‌హెచ్ దాంతోనే చూస్తాం, బిడ్డకి సూది గుచ్చే పని ఉండదు, రెండు మూడు ఎంఎల్ సులువుగా వస్తది. గ్రూపు చేసేటప్పుడు కూడా మాకు కొంచెం తిప్పలే, తాడులో ఉండే జిగురు కలిస్తే ఎర్ర కణాలు ఉత్తినే ముద్ద కట్టి తప్పు గ్రూపు చూపిస్తాయి, అందుకని సెలైన్ పోసి తిప్పి, పారబోసి, మళ్ళీ పోసి కడుగుతాం. కణాలనైతే కడగొచ్చు. సీరమ్‌ని ఎట్టా కడుగుతామండీ? డెంగ్యూ టెస్టు చేసేది సీరమ్ మీద, అంటే రక్తం గడ్డకట్టాక పైన తేలే నీటి మీద, అందులో తల్లిది కలిసిందంటే దాన్ని విడదీసే మంత్రం మా దగ్గర లేదు.

ఆ ట్యూబు మా దగ్గరికి ఏ అవతారంలో వస్తదో కూడా చెప్తా, ఎందుకంటే బిడ్డని చూసుకునే హడావిడిలో మీరు ట్యూబు సంగతి ఆయమ్మకో ట్రైనింగ్ పిల్లకో వదిలేస్తారు. ఎర్ర మూత ట్యూబు, బయటంతా రక్తం మరకలు, లేబుల్ తడిసి పెన్ను సిరా అలుక్కుపోయి ఉంటది. మూత తీస్తే పైన తెల్లటి జిగురు తేలుతుంటది, కింద గడ్డ సగమే కట్టి సగం నీళ్ళలా ఉంటది. తాడుని గాజు గుడ్డతో శుభ్రంగా తుడిచి సిరలో సూది పెట్టి సిరంజితో లాగితే ఇట్టా రాదు, కోసిన కొనని ట్యూబు మూతి మీద పెట్టి ఆవు పాలు పిండినట్టు పిండితేనే ఇట్టా వస్తది. అట్టా పిండేటప్పుడు తాడు పైన అంటుకున్నది, మాయ మీదుగా కారింది, అంటే తల్లి రక్తం, అంతా కలిసి లోపలికి పోతది. ఇంక లేబుల్ మీద తల్లి పేరుకి ముందు "బేబీ ఆఫ్" అని ఉంటది, అంతే. తాడులోంచి తీసిందా, బిడ్డ చేతి నరంలోంచి తీసిందా, ఎన్ని గంటలకి తీశారు, తల్లికి జ్వరం ఎన్నో రోజు, ఏ ముక్కా ఉండదు. కౌంటర్లో అమ్మాయి కంప్యూటర్లో పేరు కొట్టి వయసు సున్నా రోజులు అని వేస్తది, శాంపిల్ రకం దగ్గర సాఫ్ట్‌వేర్ దానంతటదే సీరమ్ అని వేసేస్తది, రిపోర్టు ప్రింటై బయటికొచ్చేసరికి అది నిక్షేపంగా బిడ్డ రక్తం రిపోర్టు అయి కూర్చుంటది.

దీనివల్ల ఏమవుద్దో ఒక కేసు చెప్తా, ఆస్పత్రి పేరు అనవసరం. తల్లికి మూడు రోజులుగా జ్వరం, ఎన్ఎస్1 (రక్తంలో డెంగ్యూ వైరస్ ప్రొటీన్ ఉందేమో చూసే టెస్టు) పాజిటివ్, ఆపరేషన్ చేసి పాపని తీశారు, పాప బానే ఏడ్చింది, బరువు బానే ఉంది. కార్డ్ బ్లడ్‌లో కూడా ఎన్ఎస్1 పాజిటివ్ వచ్చింది. అంతే, పాపని ఎన్‌ఐసీయూలో పెట్టేశారు, తల్లి దగ్గరికి ఇవ్వలా, పాలు పట్టనివ్వలా, డబ్బా పాలు రాశారు. వాళ్ళ నాన్న ఆ రిపోర్టు మడతపెట్టి జేబులో పెట్టుకుని మా కౌంటర్ కాడికి వచ్చి "అన్నా, మా పాపకి కడుపులో ఉండగానే డెంగ్యూ వచ్చిందంటే దోమ ఎట్టా కుట్టిందన్నా" అని అడిగాడు. ఆయనకి వివరం చెప్పే అధికారం నాకు లేదు, పిల్లల డాక్టర్ గారికి ఫోన్ చేసి బిడ్డ నరంలోంచి తీసిన రక్తం ఒక్క ఎంఎల్ పంపండి సార్ అని బతిమాలా. పంపారు. నెగటివ్. ప్లేట్‌లెట్లు రెండు లక్షల పైన. మర్నాడు మళ్ళీ చేసినా నెగటివే, ఎన్‌ఐసీయూ బిల్లు మాత్రం పాజిటివే. అసలు తల్లికి డెంగ్యూ ఉన్నా ఓపిక ఉంటే పాలు ఇవ్వమనే పెద్ద సంస్థలన్నీ చెప్తున్నాయి, జికా (ఇదీ దోమ వల్ల వచ్చే వైరసే) విషయంలో కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థ తల్లిపాలు ఆపొద్దనే చెప్పింది, మరి ఈ డబ్బా పాలు ఎందుకో నాకైతే అర్థం కాదు.

ఐజీఎం సంగతి మీకు నేను చెప్పేదేంటి, మీరు ఎంబీబీఎస్ రెండో సంవత్సరంలోనే చదివి ఉంటారు, అయినా ఈ ఉత్తరం సిస్టర్లు కూడా చదువుతారు కాబట్టి రాస్తున్నా. తల్లి ఒంట్లో తయారయ్యే యాంటీబాడీల్లో ఐజీజీ అనేది మాయ దాటి బిడ్డలోకి పోతది, ఐజీఎం పెద్దది, దాటలేదు. అందుకని బిడ్డ రక్తంలో ఐజీఎం కనిపిస్తే అది బిడ్డ సొంతంగా తయారు చేసుకున్నదే అని లెక్క, అంటే బిడ్డకి వైరస్ సోకిందని అర్థం. ఈ లెక్క అంతా ఒక్క షరతు మీద నిలబడి ఉంది, ఆ రక్తం అచ్చంగా బిడ్డది అయ్యుండాలి. పిండిన ట్యూబులో ఆ షరతే పోయింది. ఇంక ఐజీజీ పాజిటివ్ వచ్చిందని కంగారు పడే వాళ్ళ గురించి ఏం చెప్పను, కృష్ణా గుంటూరుల్లో ఎప్పుడో ఒకసారి డెంగ్యూ వచ్చి పోయిన తల్లులు ఇంటింటికీ ఉంటారు, వాళ్ళ ఐజీజీ బిడ్డలో నెలల తరబడి ఉంటది, అది జబ్బు కాదు.

ఇది పాజిటివ్ వస్తే జరిగే గొడవ. నన్ను ఎక్కువ భయపెట్టేది ఇది కాదు, నెగటివ్.

చికెన్ గున్యాని తీసుకోండి. మన వాళ్ళకి అది కొత్త కాదు, 2005 చివర్లో, 2006లో మన రాష్ట్రాన్ని కీళ్ళ నొప్పులతో మంచాన పడేసిన జబ్బే, ఆ 2006లోనే దేశం మొత్తం మీద దాదాపు 14 లక్షల అనుమానిత కేసులు లెక్కకొచ్చాయి. సరిగ్గా అదే టైమ్‌లో హిందూ మహాసముద్రంలో రీయూనియన్ అనే దీవిలో కూడా ఇదే వైరస్ విరుచుకుపడింది, అక్కడి డాక్టర్లు పుట్టిన పిల్లల మీద జాగ్రత్తగా లెక్కలు తీశారు. కాన్పు టైమ్‌కి తల్లి రక్తంలో వైరస్ ఉంటే దాదాపు సగం మంది పిల్లలకి అంటుకుంది. ఆపరేషన్ చేసి తీసినా తేడా రాలా. అన్నిటికంటే ముఖ్యమైంది, ఆ పిల్లలంతా పుట్టినప్పుడు బానే ఉన్నారు, మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్యలో జ్వరం, పాలు తాగకపోవడం, ఒళ్ళు ముట్టుకుంటే ఏడవడం మొదలైంది, కొందరికి మెదడు దాకా పోయింది. అంటే వైరస్ అంటుకునేది ఎక్కువగా కాన్పు గంటల్లోనే. మరి బొడ్డుతాడు కోసేది ఆ గంటలోనే కదా? అప్పుడే లోపలికి దూరిన వైరస్ ఆ నిమిషంలో తీసిన రక్తంలో ఎట్టా దొరుకుద్ది? ఐజీఎం అయితే అసలు తయారయ్యే టైమే లేదు. ఆ ట్యూబు చూసి నెగటివ్ అని మేము ఇచ్చే కాగితం అబద్ధం కాదు, కానీ ఆ కాగితం చూసి మీరు బిడ్డకి ఏం లేదని ఇంటికి పంపితే అది మాత్రం తప్పే.

అట్టా ఇంటికి పంపేసిన బాబు ఒకడు నాకు బాగా గుర్తు. తల్లికి కాన్పు ముందు రోజు నుంచి జ్వరం, ఒళ్ళంతా దద్దుర్లు, కార్డ్ బ్లడ్‌లో డెంగ్యూ, చికెన్ గున్యా రెండూ కార్డు టెస్టులో (చుక్క వేస్తే నిమిషాల్లో గీతలు పడే కిట్) నెగటివ్, రెండో రోజే డిశ్చార్జి. ఐదో రోజున బాబుని తీసుకొచ్చి వేరే ఆస్పత్రిలో చేర్చారు, జ్వరం, కాళ్ళు చేతులు వాపు, పాలు ముట్టట్లా. ఇన్‌ఫెక్షన్ అనుకుని యాంటీబయాటిక్ మొదలుపెట్టారు, అది తప్పని నేను అనను, పసిబిడ్డకి జ్వరమొస్తే ఎవరైనా ముందు అదే చేస్తారు. కానీ పాత ఆస్పత్రి కాగితాల్లో "డెంగ్యూ నెగటివ్, చికెన్ గున్యా నెగటివ్" అని ఉండేసరికి ఆ వైపు ఆలోచన ఆలస్యమైంది. తర్వాత బాబు ముక్కు చుట్టూ, పెదాల పైన చర్మం నల్లబడింది, అమ్మమ్మ దిష్టి తగిలిందని ఉప్పు తిప్పి వేసిందంట. ఆ ముక్కు నలుపు చికెన్ గున్యా వచ్చిన పసిపిల్లల్లో మన దేశం డాక్టర్లు ఎక్కువగా చూసి రాసిన గుర్తు. అప్పుడు గుర్తుపట్టి బాబు సొంత రక్తం మా దగ్గరికి పంపారు, ఐజీఎం పాజిటివ్. బాబు ఇంటికెళ్ళాడు, బానే ఉన్నాడని విన్నా.

డెంగ్యూ కూడా దాదాపు అంతే. కాన్పు దగ్గర్లో జ్వరం ఉన్న తల్లికి పుట్టిన బిడ్డ మొదటి వారం పది రోజుల్లో జ్వరం, ప్లేట్‌లెట్లు పడిపోవడం, లివర్ పెరగడంతో బయటపడొచ్చు, మొదటి రోజే చూసి సరిపెట్టుకునే జబ్బు కాదిది.

ఇదంతా నా సొంత పైత్యం అనుకోకండి. 2016లో బ్రెజిల్ జికా గొడవ నడుస్తున్నప్పుడు అమెరికా సీడీసీ (అక్కడి జబ్బుల నియంత్రణ సంస్థ) వాళ్ళు మొదట బిడ్డ శాంపిల్‌గా బొడ్డుతాడు రక్తమైనా సరే, బిడ్డ రక్తమైనా సరే అని రాశారు, తర్వాత వాళ్ళే మాట మార్చుకుని కార్డ్ బ్లడ్ వద్దు, తప్పుడు పాజిటివ్‌లూ వస్తున్నాయి తప్పుడు నెగటివ్‌లూ వస్తున్నాయి, పుట్టిన మొదటి రెండు రోజుల్లో వీలైతే బిడ్డ సొంత రక్తం, దాంతోపాటు మూత్రం తీసి పంపండి అని రాశారు. అంత డబ్బు, అన్ని ల్యాబులు ఉన్నవాళ్ళే మార్చుకున్నారు. జికా మనకి దూరం అని కూడా అనుకోవద్దు, 2021 జులైలో తిరువనంతపురంలో నిండు గర్భిణికి బయటపడింది, ఆ ఏడాదే కాన్పూర్‌లో వంద దాటాయి, 2024లో పూణేలో గర్భిణులకి వచ్చాక జులై 3న కేంద్ర ఆరోగ్య శాఖ అన్ని రాష్ట్రాలకీ గర్భిణుల మీద కన్నేసి ఉంచమని లెటర్ పెట్టింది. ఇంకో చిక్కేంటంటే జికా, డెంగ్యూ, మెదడువాపు జ్వరం వైరస్ అన్నీ ఒకే కుటుంబం, ఒకదాని యాంటీబాడీ ఇంకోదాని టెస్టులో పాజిటివ్ చూపిస్తది, అట్టాంటి చోట తల్లి రక్తం కలిసిన శాంపిల్ పెట్టుకుని మేము ఏమని తేల్చాలి?

దోమల గురించి ఒక్క మాట, సందర్భం వచ్చింది కాబట్టి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వాగు పొంగి విజయవాడలో సింగ్ నగర్, పాయకాపురం వైపు రోజుల తరబడి నీళ్ళు నిలిచాయి, అప్పటి నుంచి జనం ప్రతి జ్వరానికీ బుడమేరుని, కాలవల్ని తిడుతున్నారు. డెంగ్యూ, చికెన్ గున్యా, జికా మోసే దోమ మురికి కాలవలో పుట్టేది కాదండీ, ఇంట్లో నీళ్ళ డ్రమ్ములో, కూలర్ అడుగున, మేడ మీద పారేసిన కొబ్బరి చిప్పలో పుట్టుద్ది, పగలు కుట్టుద్ది. మీ ఆస్పత్రి మేడ మీద ట్యాంకులకి మూతలు ఉన్నాయో లేదో చూపించుకోండి. సరే, మళ్ళీ ట్యూబు దగ్గరికి వద్దాం.

ఈ అలవాటు ఎందుకు పోవట్లేదో నాకు తెలుసు. బిడ్డ చేతికి సూది అంటే నాయనమ్మ, అమ్మమ్మ ఇద్దరూ కలిసి మీద పడతారు, "పసిగుడ్డుకి నెత్తురెక్కడ ఉంటది డాక్టర్ గారూ తీయడానికి" అంటారు. మూడు కిలోల బిడ్డలో దాదాపు పావు లీటరు రక్తం ఉంటది, మాకు కావాల్సింది ఒక్క ఎంఎల్, ఆ ముక్క వాళ్ళకి ఓపిగ్గా చెప్పే వాళ్ళు లేబర్ రూమ్‌లో ఎవరున్నారు? కార్డ్ బ్లడ్ అయితే అడగక్కర్లేదు, పారేసేదే కదా. రెండోది, ప్యాకేజీ. కాన్పు ప్యాకేజీలో ఫీవర్ ప్రొఫైల్ కలిపేస్తే బిల్లు ఒకటే లైన్, అదెవరికి లాభమో నేను రాయను. మూడోది మా వైపు సంగతి. డెంగ్యూకి ఎలైజానే (గుంటల ప్లేటులో పెట్టి మెషీన్ మీద చూసే టెస్టు) చేయాలి, కార్డు టెస్టుతో తేల్చొద్దు అని దోమల జబ్బుల జాతీయ కార్యక్రమం వాళ్ళు ఎప్పటి నుంచో చెప్తున్నారు. ఎలైజా ప్లేటులో 96 గుంటలు ఉంటాయి, ఒక్క శాంపిల్ కోసం కిట్ తెరిచినా కంట్రోళ్ళన్నీ (టెస్టు సరిగ్గా పనిచేసిందో లేదో చూపించే శాంపిళ్ళు) పెట్టాల్సిందే, నష్టం, అందుకని చిన్న ల్యాబులు శాంపిళ్ళు పోగయ్యేదాకా ఆగుతాయి, మీరేమో గంటలో రిపోర్టు కావాలంటారు, ఇద్దరికీ మధ్యలో కార్డు టెస్టు దూరుద్ది. ఏ కిట్ అయినా తెరిచి లోపలి కాగితం చదవండి, సీరమ్ అని, ప్లాస్మా అని ఉంటది, బొడ్డుతాడు రక్తం మీద సరిచూశామని నేను వాడిన కిట్లలో ఎక్కడా చూళ్ళేదు.

ఇంకో తమాషా ఏంటంటే, ఆస్పత్రుల్లో తిరిగే కార్డ్ బ్లడ్ బ్యాంకుల ఏజెంట్లు కూడా, ఆ తాడు రక్తాన్ని వేలకి వేలు తీసుకుని దాస్తారు కదా, రోగాల టెస్టులు మాత్రం తల్లి చేతి నరంలోంచి తీసిన రక్తం మీదే చేయిస్తారు, రూల్ అట్టా ఉంది. అమెరికాలో అయితే దోమల వల్ల వచ్చే వెస్ట్ నైల్ వైరస్ టెస్టు కూడా కార్డ్ బ్లడ్ దాతల విషయంలో తల్లి రక్తం మీదే. ఆ రక్తాన్నే అమ్ముకునే వ్యాపారం కూడా జబ్బు సంగతి తల్లిని అడిగి తెలుసుకుంటుంది. (ఆ ప్రైవేట్ దాపుడు వ్యవహారం బిడ్డ సొంతానికి ఎప్పుడో పనికొస్తదని చేయడానికి శాస్త్రీయ ఆధారం లేదని ఐసీఎంఆరే (భారత వైద్య పరిశోధన మండలి) చెప్పింది, కాన్పు నొప్పుల మధ్య ఆ ఫారాల మీద సంతకాలు పెట్టించడం మీరే ఆపాలి.)

నేను అడిగేవి పెద్ద కోరికలేం కాదు. జ్వరంతో కాన్పుకొచ్చిన ఆవిడకి ముందు ఆవిడ రక్తమే పంపండి, జ్వరం మొదలై ఐదు రోజుల లోపైతే ఎన్ఎస్1, దాటితే ఐజీఎం, ఎలైజా మీద, జ్వరం ఎన్నో రోజో స్లిప్పు మీద ఒక్క అంకె వేయండి, ఆ అంకె లేకపోతే ఏ టెస్టు చేయాలో మాకూ తెలియదు. తల్లి పాజిటివ్ అయితే అప్పుడు బిడ్డ దగ్గరికి రండి, బిడ్డ చేతి నరంలోంచి ఒక ఎంఎల్, స్లిప్పు మీద "బిడ్డ సిర రక్తం" అని, తీసిన టైమ్ రాయండి. పీసీఆర్‌కి పంపాలంటే ఊదా మూత ట్యూబులో పంపండి, ఆకుపచ్చ మూత ట్యూబు వద్దు, అందులో ఉండే హెపారిన్ పీసీఆర్‌ని పాడుచేస్తది, ఐస్ ప్యాక్ పెట్టండి, సాయంత్రం దాకా బల్ల మీద ఉంచి మా కుర్రాడు బైక్ మీద వచ్చినప్పుడు చేతిలో పెడితే అందులో వైరస్ ఉన్నా దొరకదు. పీసీఆర్‌కి ఎక్కడికో పోనక్కర్లేదు, ఇక్కడ సిద్ధార్థ మెడికల్ కాలేజీలో, గుంటూరు మెడికల్ కాలేజీలో వైరస్ ల్యాబులు ఉన్నాయి, కోవిడ్ అప్పుడు మనందరి ముక్కుల్లోంచి తీసినవి వాళ్ళ దగ్గరికే పోయాయి. బిడ్డది మొదటి రోజు నెగటివ్ వచ్చినా ఫైల్ మూసేయకండి, తల్లికి వైరస్ ఉందని తెలిశాక వారం పది రోజుల దాకా ఆ బిడ్డ మీద కన్నుండాలి, జ్వరం వచ్చినా పాలు మానేసినా మళ్ళీ రక్తం పంపండి. ఇంక గ్రూపుకీ టీఎస్‌హెచ్‌కీ కార్డ్ బ్లడ్ పంపేటప్పుడు ఆ స్లిప్పు మీద డెంగ్యూ అని కలపకండి, కలిపితే మేము చేయాల్సి వస్తది, చేయం అంటే మీ ఆస్పత్రి మేనేజర్ మా ఓనర్‌కి ఫోన్ చేస్తాడు. మా ల్యాబ్ ఓనర్లకి కూడా చెప్తున్నా, రిపోర్టు మీద శాంపిల్ రకం దగ్గర "బొడ్డుతాడు రక్తం" అని అచ్చు వేయడానికి సాఫ్ట్‌వేర్ వాడికి ఒక్క ఫోన్ చాలు, డబ్బులు కూడా అడగడు.

ఇప్పుడు వైద్యారోగ్య శాఖ ఆఫీసర్ గార్లకి. మామూలు కాన్పు అయితే రెండో రోజుకి ఇంటికి పంపేస్తాం, జబ్బు ఎక్కువగా బయటపడేది మూడో రోజు నుంచి ఏడో రోజు దాకా. అంటే ముదిరేటప్పుడు బిడ్డ ఏ డాక్టర్ ముందూ ఉండదు. కానీ ఆశా అక్కలు ఆస్పత్రి కాన్పు అయిన ఇంటికి మూడో రోజు, ఏడో రోజు వెళ్ళాలని రూల్ ఇప్పటికే ఉంది, వాళ్ళ సంచిలో థర్మామీటర్ ఉంటది, బరువు చూసే కాటా ఉంటది. సరిగ్గా ఈ రెండు రోజులే మనకి కావాల్సింది. డిశ్చార్జి కాగితం మీద "తల్లికి కాన్పు టైమ్‌లో జ్వరం" అని ఒక గడి పెట్టించి, టిక్కు పడిన వాళ్ళ పేరు ఆ ఊరి ఏఎన్ఎంకి అదే రోజు చేరేటట్టు చూడండి. ఇక్కడ ఒక మెలిక ఉంది, మొదటి కాన్పు పుట్టింట్లో కదండీ, పేరు నమోదు అత్తారి ఊళ్ళో ఉంటది, కాన్పు బెజవాడలో అవుద్ది, తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ తీసుకెళ్ళి దింపేది నూజివీడు అవతల పుట్టింట్లో, ఆస్పత్రి ఫైల్లో ఫోన్ నంబరు మాత్రం హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకునే భర్తది. మేము ఆలస్యంగా వచ్చిన ఎలైజా రిపోర్టు చెప్పడానికి ఫోన్ చేస్తే ఆయన మీటింగ్‌లో ఉంటాడు, ఆశా అక్క అత్తారింటికెళ్ళి తాళం చూసి వెనక్కొస్తది. కాబట్టి ఆ గడి పక్కనే ఇంకో గడి కావాలి, ఈ వారం బిడ్డ ఏ ఊళ్ళో, ఎవరింట్లో ఉంటది, ఆ ఇంట్లో ఫోన్ ఎత్తే మనిషి నంబరు ఏంటి. అమ్మమ్మ నంబరు అయితే మరీ మంచిది, ఒక్క రింగుకే ఎత్తుద్ది.

లేబర్ రూమ్ సిస్టర్లలో ఎవరికైనా ఏ ట్యూబు దేనికో, బిడ్డ నరంలోంచి ఎంత తీయాలో, స్లిప్పు ఎట్టా నింపాలో చూడాలని ఉంటే మా ల్యాబుల వాళ్ళం మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య కాస్త ఖాళీగా ఉంటాం, ట్యూబులు పట్టుకుని మేమే వస్తాం, మీ డ్యూటీ మారే టైమ్ చెప్తే చాలు.

ఇట్లు,
సూర్యారావుపేట నుంచి ఒక ల్యాబ్ టెక్నీషియన్